ఆండర్స్ ఓస్టర్లింగ్: కోపంతో మొదలుపెట్టిన సమీక్ష

ప్రేక్షకులకు నమస్కారం. ఈ రోజు సమీక్ష స్వీడిష్ కవి, విమర్శకుడు, అనువాదకుడు ఆండర్స్ ఓస్టర్లింగ్ గురించి. 1901 నుంచి 1967 వరకు నోబెల్ సాహిత్య బహుమతి ప్రసంగాలున్న లావుపాటి ఇంగ్లీషు సంపుటాన్ని మన ప్రేక్షకులలో ఒకరు నాకు ఉచితంగా పంపారు కాబట్టి, నా మాటల్లో మొహమాటం ధ్వనిస్తే ఆ మేరకు తగ్గించి వినండి. ఆయన 1884 డిసెంబరు 13న హెల్సింగ్‌బోర్గ్‌లో పుట్టారనీ, తొలి కవితా సంపుటి 1904లో వెలువడిందనీ, 1919లో, నోబెల్ సాహిత్య బహుమతిని నిర్ణయించే స్వీడిష్ అకాడమీకి ఎన్నికై 1941 నుంచి 1964 వరకు దాని శాశ్వత కార్యదర్శిగా ఉన్నారనీ మీరు ఇప్పటికే చదివి ఉంటారు. ఆ జాబితాను మళ్లీ అప్పజెప్పను.

నన్ను వేధించేది 1961 నాటి వ్యవహారం. నోబెల్ పత్రాలు యాభై ఏళ్లపాటు బయటికి రావు కాబట్టి, ఆ ఏడాది చర్చల్లో ఆయన ఏమన్నారో 2012లో గాని లోకానికి తెలియలేదు. రచయిత సి.ఎస్. లూయిస్ బహుమతికి ప్రతిపాదించిన ఇంగ్లీషు నవలాకారుడు టోల్కీన్ రచన ఉత్తమ కథనం స్థాయికి ఏ విధంగానూ చేరలేదని ఆయన తేల్చేశారు. అది అభిరుచికి సంబంధించిన తీర్పు, పోనీయండి. అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ విషయంలో మాత్రం ఆయన చూపిన అడ్డంకి కవిత్వం కాదు, 86 ఏళ్ల వయస్సు! ఇంగ్లీషు నవలాకారుడు ఇ.ఎం. ఫోర్‌స్టర్‌ను కూడా శక్తులుడిగిన మనిషిగానే లెక్కగట్టి పక్కన పెట్టారు. ఆ మాటలన్న వ్యక్తికి అప్పటికే 76 నిండాయి. పద్నాలుగేళ్ల తరువాత, 1975 డిసెంబరులో, తనకు 91 నిండడానికి ఇంకా మూడు రోజులుండగా, ఇటాలియన్ కవి మొంతాలేను సభకు పరిచయం చేసే ప్రసంగం ఆయనదే. బహుమతి అందుకున్న మొంతాలేకు అప్పుడు 79. ఫ్రాస్ట్‌కు పనికిరాని ముసలితనం తన దాకా వచ్చేసరికి అడ్డం రాలేదేమని నేను చాలాకాలం పళ్లు కొరుక్కున్నాను.

ఈ సంపుటం చదువుతూ ఉండగా ఆ కోపం కొంత మెత్తబడిందని ఒప్పుకోవాలి. 1959లో బహుమతి పొందిన ఇటాలియన్ కవి క్వాసీమోదో మీద ఆయన చేసిన ప్రసంగం బిరుదులతో గాక ఊరితో మొదలవుతుంది: ఆ కవి సిసిలీ వాడని చెప్పి, సిరకూజా దగ్గర, సముద్రానికి కొంత ఎడంగా ఉన్న మోదికా అనే చిన్న పట్టణం దాకా మనల్ని వెంటబెట్టుకుపోతారు. డెన్మార్క్ ఒడ్డు కంటికి కనిపించే రేవు పట్టణంలో పుట్టి, దక్షిణ స్వీడన్‌లోని స్కోనే ప్రాంతపు పొలాలనూ తీరాన్నీ మామూలు మనుషుల బతుకునూ కవిత్వంలోకి తెచ్చిన మనిషికి, ఎవరైనా సరే ఏ నేల నుంచి మాట్లాడుతున్నారన్నదే ముందుగా పట్టేది కాబోలు. పైగా ఇటాలియన్ కవిత్వాన్ని స్వయంగా స్వీడిష్‌లోకి అనువదించినవారు కనుక, ఎదుటివారు చదవని కవిని వారికి ఎలా అందించాలో ఆయనకు చేతనైన విద్య. నేనూ అప్పుడప్పుడు అనువాదాలు చేస్తుంటాను. ఒక పద్యానికి పీఠిక రాయమంటే ముందుగా కవి పుట్టిన తేదీ మీద పడిపోతాను, అందుకే ఈ పద్ధతి నాకు ఈర్ష్య కలిగించింది.

ఆయన స్వీడిష్ పద్యాలను మూలంలో చదవలేను కాబట్టి వాటికి మార్కులు వేయను. లోగడ ఇదే వేదిక మీద స్వీడిష్ కవి కార్ల్‌ఫెల్ట్ గురించి మాట్లాడినప్పుడు, అకాడమీ కార్యదర్శిగా పనిచేసిన మనిషికి 1931లో మరణానంతరం నోబెల్ బహుమతినే ఇవ్వడం మీద నేను చాలా విసుక్కున్నాను. 1974లోనూ ఇద్దరు అకాడమీ సభ్యులకు ఆ బహుమతి దక్కింది. 62 ఏళ్లు సభ్యుడిగా ఉన్న ఓస్టర్లింగ్‌కు మాత్రం అది రాలేదు.

కాబట్టి నా తీర్పు: న్యాయమూర్తిగా ఆయన నాకు నచ్చలేదు, పరిచయకర్తగా మాత్రం ఎంతో నచ్చారు. 1981లో, సరిగ్గా తన 97వ పుట్టినరోజు నాడు ఆయన కన్నుమూశారు. మీరు ఒక్క ప్రసంగమే చదవదలిస్తే 1958 నాటిది తెరవండి. రష్యన్ రచయిత పాస్టర్నాక్ బహుమతిని నిరాకరించినా దాని చెల్లుబాటు ఏమాత్రం మారదనీ, ప్రదానం మాత్రం జరగడం లేదని విచారంతో తెలియజేస్తున్నామనీ కొద్ది వాక్యాల్లో చెప్పి ఆయన ఊరుకున్నారు.