హాజరు పట్టీ వెనుక పేజీలు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, చిక్కడపల్లిలో ఈ వేళప్పుడు బండి నిలపడానికి చోటు వెతుక్కుని మరీ వచ్చిన మీ అందరికీ నమస్కారం. స్వచ్ఛంద సంస్థలకు వ్యూహ ప్రణాళిక ఎలా ఉండాలో ఇరవై నిమిషాల్లో చెప్పమన్నారు. తెర మీద చూపించడానికి నేనేమీ తేలేదు. ఒక పాత రిజిస్టరు తెచ్చాను. దాని సంగతి తరువాత.

ప్రణాళికలు వద్దనే మనిషిని కాను. 1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అంత ఓపిక మనలో ఎవరికుంది? మూడేళ్ల ప్రణాళిక రాసుకుని ఆరు నెలలకే విసుక్కుంటాం. అయితే ఆ జలాశయాలకు కట్టలతో పాటు గేట్లూ పెట్టారు. నీటిమట్టం చూసి వాటిని ఎత్తే మనుషులూ ఉన్నారు. మన ప్రణాళికల్లో కట్ట ఒక్కటే ఉంటుంది.

2020 అక్టోబరు 13 రాత్రి ఊళ్లో ఉన్నవాళ్లు చేతులెత్తండి. అబ్బో, ఇంతమందా! అయితే వాన గురించి చెప్పనక్కర్లేదు. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు, మూసారాంబాగ్ వంతెన మునిగింది. ఆ దగ్గరి బస్తీలో మేడ మీద మాకో ట్యూషన్ గది ఉంది. కరోనా వల్ల మార్చి నుంచి దానికి తాళమే. తాళంచెవి మా ఆయమ్మ దగ్గర ఉండేది. రాత్రి పదకొండుకు ఫోను చేసింది. "సార్, గది తెరిచాను, జనం వచ్చారు" అంది.

నేనేమన్నానో చెప్పమంటారా? "ఎవరినడిగి తెరిచావు? పుస్తకాల బీరువా జాగ్రత్త" అన్నాను.

"పిల్లలు ఏడుస్తున్నారు సార్, తరువాత మాట్లాడతాను" అని పెట్టేసింది.

మర్నాడు చాపలు, బకెట్లు, బ్లీచింగ్ పొడి కావలసి వచ్చాయి. మా దగ్గరున్నది పుస్తకాల పద్దు కింద ఒక దాత ఇచ్చిన డబ్బు. అనుమతి కోరుతూ రాశాను. సవరించిన లక్ష్యాల పట్టికతో మళ్లీ దరఖాస్తు చేసుకోమని మూడు వారాలకు జవాబొచ్చింది. అప్పటికి బస్తీలో బురద ఎండిపోయింది. ఆ దాతను ఇలాంటి వేదికల మీద నేను తిట్టని తిట్టు లేదు. మీలో కొందరు విన్నారు కూడా. కానీ ఆ ఉత్తరంలో ఉన్నదీ, ఆ రాత్రి ఫోనులో నేనన్నదీ ఒకే మాట కదా! ఆయనకు మూడు వారాలు పట్టింది, నాకు క్షణం పట్టలేదు.

ఇక అసలు విషయం, త్వరగా చెబుతాను, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. పన్ను మినహాయింపు నిలవాలంటే ట్రస్టు తన ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకు వినియోగించాలి. మిగతా 15 శాతం వెనకేసుకోవచ్చు. అందులోంచి ప్రతి కేంద్రానికీ పదివేలు విడిగా ఇచ్చేశాం. ఖర్చుకు ఆయమ్మ సంతకం చాలు, లెక్క మాకు తరువాత చెప్పవచ్చు. మా ఆడిటరుగారు ఇప్పటికీ గొణుగుతారు, గొణగనివ్వండి. ప్రణాళికను మూడు నెలలకోసారి ఆ గదిలోనే, చాప మీద కూర్చుని చదువుతాం. ఏది మానేద్దామన్నదే మొదటి ప్రశ్న. కుట్టు శిక్షణ అలాగే మానేశాం. నాకిష్టమైన పథకం, నా మాటే చెల్లలేదు.

ఇదిగో, రిజిస్టరు. బడుల్లేని ఏడాది కదా, హాజరు పట్టీ ఖాళీగా ఉంది. వెనుక పేజీల్లో ఆ రాత్రి మా గదిలో పడుకున్నవాళ్ల పేర్లు ఆయమ్మ పెన్సిలుతో రాసింది. ఎవరికి షుగరు మాత్రలు కావాలో, ఏ పిల్లకు జ్వరమో, ఏ ఇంటి గోడ కూలిందో పక్కనే ఉంది. టీ తాగేటప్పుడు చూడండి. ఒకసారి తడిసింది, పేజీలు మెల్లగా తిప్పండి.