మాట్లాడకుండా కొనుక్కునే వస్తువు

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లోకి వినిపిస్తోంది కదా? సరే, సూటిగా విషయంలోకి వచ్చేస్తాను.

నెలసరి ప్యాడ్‌ల చరిత్ర చదివేకొద్దీ నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే. వందేళ్లుగా కంపెనీలు మనకి ప్యాడ్‌తో పాటు గుట్టు కూడా అమ్ముతున్నాయి. సిగ్గు వాళ్లు పుట్టించింది కాదు, అది ముందు నుంచీ ఉన్నదే. కానీ దాన్ని పోగొట్టడం కంటే అలాగే ఉంచి అమ్ముకోవడం తేలికని వాళ్లకి త్వరగానే తెలిసిపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో కింబర్లీ-క్లార్క్ అనే కాగితం కంపెనీ చెట్ల గుజ్జుతో సెల్యుకాటన్ అనే సరుకు తయారుచేసింది. దూది కంటే చవక, తడి పీల్చడంలో దూది కంటే చాలా నయం. సైనికుల గాయాలకి కట్టడానికి ఆసుపత్రులకి పంపేవాళ్లు. అక్కడి నర్సులు, ఎవరూ చెప్పకుండానే, దాన్ని నెలసరికి వాడుకోవడం మొదలుపెట్టారు. ఈ కథలో అసలు పరిశోధకులు వాళ్లేనని నేనంటాను. 1918లో యుద్ధం ఆగిపోయి బోలెడంత సరుకు మిగిలిపోయాక, 1920లో కంపెనీ దాన్నే కోటెక్స్ పేరుతో బజారులోకి తెచ్చింది.

తెచ్చారు సరే, అమ్మడం ఎలా? అంతకు ముందే, 1890ల్లో, జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్లు లిస్టర్స్ టవల్స్ అని ఇలాంటివే అమ్మబోయి దెబ్బతిన్నారు. కొట్లో మగ గుమాస్తా ముందు నిలబడి, పక్కన నలుగురు వింటుండగా, నోరు తెరిచి ఎవరడుగుతారండీ? అందుకని కోటెక్స్ వాళ్లు ఒక ఉపాయం చేశారు. పెట్టెల్ని కౌంటర్ మీదే పేర్చి, పక్కన డబ్బులు వేసే డబ్బా ఒకటి పెట్టమన్నారు. వచ్చిన మనిషి చిల్లర డబ్బాలో వేసి, పెట్టె తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోవచ్చు. పోటీగా మోడెస్ అనే ప్యాడ్ తెచ్చిన జాన్సన్ అండ్ జాన్సన్ ఇంకాస్త ముందుకెళ్లి, 1928లో పత్రికల్లో ప్రకటనతో పాటు కూపన్ కూడా అచ్చేసింది. కత్తిరించి కొట్టువాడి చేతిలో పెడితే చాలు, సరుకు చేతికొస్తుంది. ఆ రోజుల్లో ఉద్యోగానికో చదువుకో బయటికెళ్లే ఆడదానికి ఇది ఎంత ఊరటో ఊహించుకోండి, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అమ్మకం మొత్తం మౌనం మీదే నిలబడిపోయింది.

మధ్యలో ఒక మంచి పని కూడా జరిగింది, ఇది చెప్పకుండా ముందుకెళ్లలేను. 1927లో జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్లు లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఇంజనీరుకి సర్వే పని అప్పజెప్పారు. ఆవిడ వెయ్యిమందికి పైగా ఆడవాళ్లని అడిగించింది. సైజు కుదరట్లేదు, బట్టల్లోంచి అంచులు తెలుస్తున్నాయి అన్నారు వాళ్లు. చాలామంది కొనుక్కొచ్చిన ప్యాడ్‌ని ఇంట్లో కత్తిరించుకుని, సరిచేసుకుని వాడుతున్నారనీ తేలింది. వాడేవాళ్లని అడిగితే ఇన్ని సంగతులు బయటపడతాయి! ఆ తర్వాత అదే మోడెస్‌కి ఎలాంటి ప్రకటనలు వచ్చాయంటే, ఖరీదైన గౌను వేసుకున్న అందమైన అమ్మాయి బొమ్మ, కింద "మోడెస్... బికాజ్" అని రెండు మాటలు. ఆ వస్తువేంటో, దేనికో, ఒక్క ముక్క లేదు.

అమెరికన్ టీవీలో 1972 దాకా ఈ ప్రకటనలే ఉండకూడదని కట్టడి. 'పీరియడ్' అన్న మాట అక్కడి టీవీ ప్రకటనలో మొదటిసారి వినబడింది 1985లో. రక్తం బదులు నీలం నీళ్లు పోసి చూపించడం మీరందరూ చూసిందే. ఎర్ర ద్రవం చూపించడానికి బ్రిటన్‌లో బాడీఫామ్ అనే ప్యాడ్‌ల బ్రాండ్ వాళ్లు ముందుకొచ్చేసరికి 2017.

ఈ మౌనం ప్రాణాల మీదికి కూడా తెచ్చింది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్లు రిలై అనే టాంపాన్, అంటే ప్యాడ్‌లా బయట కాక ఒంటి లోపల పెట్టుకునేది, తెచ్చారు, మామూలు వాటికంటే చాలా ఎక్కువ పీలుస్తుందని ఊదరగొట్టి, ఇళ్లకి శాంపిళ్లు పంపి మరీ. బ్యాక్టీరియా విషం ఒంట్లో పాకి ప్రాణం మీదికి తెచ్చే టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే జబ్బుతో దానికి సంబంధం ఉందని బయటపడ్డాక 1980 సెప్టెంబరులో వెనక్కి తీసుకున్నారు. అప్పటికే ఆ జబ్బుతో అమ్మాయిలు చనిపోయారు. లోపల ఏం పెట్టారో కొనేవాళ్లకి చెప్పేవాడే లేడు.

ఇక మన సంగతి. అమ్మాయి పెద్దమనిషి అయితే ఓణీల ఫంక్షన్ చేసి, ఫోటోతో ఫ్లెక్సీ కట్టి, ఊరందరికీ భోజనాలు పెడతాం. మర్నెల్లో అదే అమ్మాయి మెడికల్ షాపుకెళ్తే, అక్కడి అబ్బాయి తలెత్తకుండా ప్యాకెట్‌ని పేపర్లో చుట్టి, ఆ పొట్లాన్ని నల్ల కవర్లో వేసి, ముడి కూడా వేసి ఇస్తాడు. నాకిది చూస్తే కడుపు మండుతుంది.

చవకగా ప్యాడ్‌లు చేసే యంత్రం తయారుచేసిన కోయంబత్తూరు మురుగనాథం గారు మొదట్లో భార్య కోసం దూదితో ప్యాడ్‌లు చేసి చేసి విసిగిపోయారు, సరిగ్గా పీల్చేవి కావు. కంపెనీ ప్యాడ్‌లో ఉన్నది దూది కాదు, చెట్టు గుజ్జు అని తెలియడానికి ఆయనకి ఏళ్లు పట్టింది. యుద్ధకాలంలో అమెరికాలో చేసిన ఆ గుజ్జు సరుకు లాంటిదే! అడిగి తెలుసుకునే చోటు లేక ఒక మనిషి అన్నేళ్లు పోగొట్టుకున్నాడు.

2014లో విస్పర్ వాళ్లు 'టచ్ ద పికిల్' అని ప్రచారం చేశారు, దానికి కేన్స్‌లో జరిగే ప్రకటనల పోటీలో పెద్ద అవార్డు కూడా వచ్చింది. ముట్టులో ఉన్న మనిషి జాడీ ముట్టుకుంటే ఆవకాయ పాడవుతుందన్న మాట మనకి కొత్త కాదు కాబట్టి ఆ ప్రకటన నాకు బాగా నచ్చింది. కానీ జాడీ ముట్టుకోమని చెప్పే బజారులోనే వాసన తెలియకూడదని సెంటు కొట్టిన ప్యాడ్‌లు కూడా అమ్ముతున్నారు. అసలు ఆ సెంటు అవసరమేముంది?

ప్రభుత్వాల వైపు కొంత కదలిక వచ్చింది. ప్యాడ్‌ల మీద ఉన్న 12 శాతం జీఎస్టీ 2018 జులైలో తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో స్వేచ్ఛ పథకం కింద ప్రభుత్వ బడుల్లో ఏడు నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకి నెలకి పది చొప్పున ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. చాలా మంచి పని. ఇచ్చేవాళ్లు, ఎవరైనా సరే, గిల్‌బ్రెత్ లాగా అడగాలని నా కోరిక: సైజు సరిపోతోందా, ఒరుసుకుని మంట పుడుతోందా, పది చాలుతున్నాయా, బాత్రూంలో నీళ్లొస్తున్నాయా, వాడినవి పడేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా?

మీ కాలేజీలో ఆ డబ్బా ఉందో లేదో మీరే చెప్పాలి, ప్రిన్సిపాల్ గారు కూడా ఇక్కడే ఉన్నారు. మైక్ మూడో వరుసకి పంపిస్తున్నాను.