వంకర పాదం, పిండికట్టు, పొన్సేటి డాక్టరు

శ్రోతలకు నమస్కారం.

బిడ్డ పాదం లోపలికి తిరిగి, మడమ పైకి లేచి పుడితే మన ఊళ్లలో ముందు వినిపించే మాట గ్రహణం. గ్రహణం వేళ తల్లి కాలు ముడుచుకుందనో, కూరగాయలు తరిగిందనో అంటారు. గ్రహణానికీ ఈ పాదానికీ సంబంధం లేదు. వెయ్యిమంది పిల్లల్లో ఒకరిద్దరు ఇలా పుడతారు, అన్ని దేశాల్లోనూ. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఇది రెండింతలు. సుమారు సగంమందికి రెండు పాదాలూ వంకరే. డాక్టర్లు క్లబ్‌ఫుట్ అంటారు. చాలామందిలో కారణం ఇదీ అని తేలదు. తల్లి తప్పు మాత్రం కాదు.

ఈ పాదాన్ని పెద్ద కోత లేకుండా సరిచేసే పద్ధతి డాక్టర్ ఇగ్నాసియో పొన్సేటి గారిది. 1914 జూన్ 3న స్పెయిన్‌లోని మినోర్కా దీవిలో పుట్టారు. తండ్రి గడియారాలు బాగుచేసేవారు. ఈయన బార్సిలోనాలో వైద్యం చదువు ముగించేసరికి, 1936లో, అంతర్యుద్ధం వచ్చిపడింది. రిపబ్లిక్ ప్రభుత్వ పక్షాన గాయపడ్డ సైనికుల ఎముకలు కట్టారు. ఆ పక్షం ఓడిపోయాక ఫ్రాన్స్‌కు, అక్కణ్నుంచి మెక్సికోకు, 1941లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీకి చేరారు.

అక్కడ, చిన్నప్పుడు క్లబ్‌ఫుట్ ఆపరేషన్ అయి పెద్దవాళ్లయిన పేషెంట్లను పరీక్షించే పని ఆయనకు అప్పగించారు. చూస్తే పాదాలు బిగుసుకుపోయి ఉన్నాయి, నడిస్తే నొప్పి. కోసినచోటల్లా మచ్చ గట్టిపడటమే అందుకు కారణమని గ్రహించారు. పసిపిల్లల కీళ్ల బంధనాలు సాగుతాయి కదా, కొద్దికొద్దిగా సాగదీసి, సాగినంతవరకు పిండికట్టుతో నిలపొచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. 1940ల చివర్లో మొదలుపెట్టి, 1963లో ఫలితాలు ప్రచురించారు. సర్జన్లు పెద్దగా పట్టించుకోలేదు. 1995లో ముప్పయ్యేళ్ల తర్వాతి పరిశీలన వెలువడింది. చికిత్స పొందినవారిలో 78 శాతం మంది పాదాలు బాగున్నాయని తేలింది. పుట్టుకతో ఏ లోపమూ లేనివారిని అదే కొలతతో చూస్తే 85 శాతం. అయినా ఈ పద్ధతి ఊపందుకున్నది 1990ల చివర్లో, తల్లిదండ్రులు ఇంటర్నెట్‌లో ఒకరికొకరు చెప్పుకున్నాకే. డాక్టర్ల కంటే ముందు తల్లిదండ్రులు కళ్లు తెరిచారన్నమాట.

ఇక పద్ధతి. పుట్టిన వారం, రెండు వారాల్లో మొదలుపెడితే మంచిది. నెలలు గడిచాక వచ్చినా ప్రయత్నించవచ్చు. వారానికొక కట్టు చొప్పున సాధారణంగా ఐదారు కట్లు పడతాయి. దూది పలచగా చుట్టి, పిండికట్టు తొడ మొదలు దాకా వేస్తారు, మోకాలు 90 డిగ్రీలు వంచి. మోకాలి కిందికే వేస్తే అది జారిపోతుంది, పాదాన్ని బయటికి తిప్పి పట్టి ఉంచలేదు. కట్టు వేసే సమయానికి బిడ్డకు పాలు పట్టిస్తే కాలు బిగబట్టదు.

మొదటి కట్టు చూసి ఇంట్లోవాళ్లు కంగారుపడతారు, వంకర ఇంకా పెరిగినట్టు కనబడుతుంది మరి. ఈ పాదంలో బొటనవేలి వైపు ఎముక కిందికి దిగి, అరికాలు మధ్యలో లోతైన గుంట ఉంటుంది. ముందు ఆ ఎముకను పైకెత్తి మిగతావాటి వరసకు తేవాలి. ఆ తర్వాతి వారాల్లో పాదాన్ని కొంచెం కొంచెంగా బయటికి తిప్పుతారు. తిప్పేటప్పుడు డాక్టరు బొటనవేలు ఆనాల్సింది చీలమండ ముందు, బయటివైపు చేతికి తగిలే టాలస్ ఎముక తల మీద. పూర్వం ఇంకాస్త ముందుకు, పాదం బయటి అంచు మధ్యలో నొక్కేవారు. అక్కడ నొక్కితే మడమ ఎముక కదలదు, నెలలు గడిచినా వంకర పోదు. మడమను చేత్తో పట్టుకుని తిప్పడమూ తప్పే. పాదం బయటికి తిరగకముందే పైకి నెడితే మధ్యలో విరిగినట్టు వంగి, అరికాలు ఉబ్బుతుంది.

ఇంటి దగ్గర చూసుకోవలసింది కాలివేళ్లు. వేలు నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే ఎరుపెక్కాలి. నీలంగా మారినా, చల్లబడినా, వాచినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. వేళ్లు కట్టులోపలికి పోతుంటే కట్టు జారిందని అర్థం, అదీ ఆగే పని కాదు. ఈ వారాల్లో స్నానాలు, కాళ్ల మాలీష్‌లు వద్దు, తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే చాలు. పాత కట్టును ముందురోజు రాత్రే ఇంట్లో విప్పుకుని వెళ్లకండి. కొన్ని గంటల్లోనే పాదం వెనక్కి తిరగడం మొదలెడుతుంది.

పాదం 60, 70 డిగ్రీలు బయటికి తిరిగాక కూడా మడమ పైనే ఉంటే, వెనక తాడులా తగిలే టెండన్‌ను, అంటే పిక్క కండను మడమ ఎముకకు కలిపే కట్టును, చిన్న బ్లేడుతో తెంపుతారు. ఎక్కువమందికి ఇది అవసరమవుతుంది. మత్తు సూది అక్కడికక్కడే వేస్తారు, నిమిషాల పని. నరం కోసేస్తే కాలు పడిపోతుందని భయపడి కొందరు ఇక్కడే వెనక్కి వెళ్లిపోతారు. కోసేది నరం కాదు. మూడు వారాల కట్టులో తెగిన టెండన్ పొడవు పెరిగి అతుక్కుంటుంది.

అసలు పరీక్ష ఆ తర్వాతే. పాదం తిన్నబడింది, ఇంకెందుకు అనుకుంటారు. రెండు బూట్లను ఒక కడ్డీకి బిగించిన సాధనం ఇస్తారు. సరిచేసిన పాదం బూటు 60 నుంచి 70 డిగ్రీలు, మామూలు పాదానిది 30 నుంచి 40 డిగ్రీలు బయటికి. కడ్డీ పొడవు బిడ్డ భుజాల వెడల్పు. మొదటి 3 నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత రాత్రుళ్లూ పగటి నిద్రప్పుడూ, నాలుగైదేళ్లు వచ్చేదాకా. వేసుకున్న పిల్లల్లో వంకర తిరిగి వచ్చింది 6 శాతం మందికి, మానేసినవారిలో 80 శాతానికి పైగా అని అయోవాలోని పరిశీలన.

మొదటి రెండు మూడు రోజులు ఏడుస్తారు. కడ్డీ పట్టుకుని రెండు మోకాళ్లూ కలిపి ముడిచి చాపుతూ ఆడించండి, అలవాటుపడతారు. నూలు మేజోడు వేసి, మడమ బూటు అడుగుకు ఆనిందని చూసి, నడిమి పట్టీ ముందు బిగించాలి. మడమ వెనక ఎర్రబడితే పట్టీ వదులైందన్నమాట, బిగించండి. అక్కడ నూనె, క్రీము రాయొద్దు.

పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చూసే లోపాల్లో ఇదీ ఉంది. ఆశా కార్యకర్తకో ఏఎన్ఎమ్‌కో చెబితే దారి చూపిస్తారు. పొన్సేటి గారు 2009లో, 95 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన పుట్టినరోజునే ప్రపంచ క్లబ్‌ఫుట్ దినంగా జరుపుతున్నారు.

మూడేళ్లు దాటిన పిల్లలు గొంతుక్కూర్చుంటే మడమ లేస్తోందా, నడిచేటప్పుడు పాదం లోపలికి తిరుగుతోందా గమనించండి. అలాంటప్పుడు మళ్లీ రెండు మూడు కట్లు వేస్తారు. కొందరికి కాలి ముందువైపు టెండన్‌ను బయటివైపుకు మార్చే ఆపరేషన్ చేస్తారు. చూపించడానికి వెళ్లేటప్పుడు బిడ్డ పాత చెప్పులు వెంట తీసుకెళ్లండి. బయటి అంచు ఒక్కటే అరిగి ఉంటే డాక్టరుకు సగం సంగతి అక్కడే తెలుస్తుంది.