టైప్-సి కేబుళ్లన్నీ ఒకటి కావు, పైకి చూస్తే మాత్రం ఒకటే

ఫోన్‌ని చక్కగా ఛార్జ్ చేసే టైప్-సి కేబుల్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడండి, ఛార్జింగ్ నెమ్మదిగా ఉందని మెసేజ్ రావచ్చు. మానిటర్‌కి పెడితే అసలు బొమ్మే రాదు. ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌కి పెడితే ఫైల్ కాపీ నత్తనడక నడుస్తుంది. కేబుల్ పోయిందనుకుని పక్కన పడేస్తాం. అది పోలేదండీ. దాన్ని తయారు చేసిందే అంతవరకు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టైప్-సి కనెక్టర్‌కి డిజైన్‌లో మంచి మార్కులే వేస్తాను. 2014లో వచ్చింది. పైన 12, కింద 12, మొత్తం 24 పిన్నులు, ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. 10,000 సార్లు పెట్టి తీసినా తట్టుకోవాలన్నది లెక్క. అదంతా బాగానే ఉంది. కానీ లోపల ఏముందో కేబుల్ మీద రాయని కంపెనీలకి మాత్రం పాస్ మార్కులు కూడా వేయను.

ముందు కరెంటు సంగతి చూద్దాం. రెండు వైపులా టైప్-సి ఉన్న మామూలు కేబుల్ 3 ఆంపియర్లు మోస్తుంది. పవర్ డెలివరీ (పీడీ) అనే వేగం ఛార్జింగ్ పద్ధతిలో 20 వోల్టుల దగ్గర అది 60 వాట్లు. అంతకు మించి కావాలంటే 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి, దాని మొనలో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండాలి. ఛార్జర్ ఆ చిప్‌ని "నువ్వెంత మోయగలవు" అని అడుగుతుంది. జవాబు రాకపోతే 3 ఆంపియర్లు దాటదు. అందుకే 100 వాట్ల ఛార్జర్ కొని, ఫోన్‌తో వచ్చిన సన్న కేబుల్ తగిలిస్తే ల్యాప్‌టాప్‌కి 60 వాట్లే చేరతాయి. ఇది లోపం కాదు, తీగ వేడెక్కకుండా పెట్టిన కాపలా. 20 వోల్టులు, 5 ఆంపియర్లు, అంటే 100 వాట్లున్న పై హద్దుని 2021లో 48 వోల్టులు, 5 ఆంపియర్లు, అంటే 240 వాట్ల దాకా పెంచారు. దానికి కేబుల్ కూడా 240 వాట్లదే అయ్యుండాలి.

ఇక డేటా. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ఛార్జింగ్ కోసం ఇచ్చే కేబుళ్లలో చాలావాటికి డేటా తీగలు ఒక్క జతే ఉంటాయి. అది యూఎస్‌బీ 2.0, సెకనుకి 480 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, నిజంగా చేతికందేది సెకనుకి 35, 40 మెగాబైట్లు. 50 గిగాబైట్ల వీడియో కాపీ చేయాలంటే ఇరవై నిమిషాలు దాటుతుంది. అదే 10 గిగాబిట్ల కేబుల్, దానికి తగ్గ పోర్టు, వేగంగా రాసే ఎస్‌ఎస్‌డీ ఉంటే ఒక నిమిషం పని. మానిటర్‌కి బొమ్మ మోసేవి కూడా ఆ వేగం తీగల జతలే. అవి లేని కేబుల్‌తో ఎన్ని సెట్టింగులు మార్చినా స్క్రీన్ వెలగదు.

వాట్లు ఎక్కువుంటే వేగం కూడా ఎక్కువుంటుందనుకోకండి. ఆపిల్ అమ్మే 240 వాట్ల ఛార్జింగ్ కేబులే తీసుకోండి, డేటాలో అది యూఎస్‌బీ 2.0. పోర్టుల్లోనూ అదే తంతు. 2023లో వచ్చిన ఐఫోన్ 15, ఐఫోన్ 15 ప్రో రెండింటికీ కంటికి కనిపించే రంధ్రం ఒక్కటే. మొదటిది 480 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంది, రెండోది 10 గిగాబిట్ల దాకా వెళ్తుంది. ప్రో పెట్టెలో వచ్చిన కేబుల్ మళ్లీ యూఎస్‌బీ 2.0నే! ఆ వేగం కావాలంటే ఇంకో కేబుల్ విడిగా కొనుక్కోవాల్సిందే.

సన్న కేబుళ్లు ఉండకూడదని అనడం లేదు. తీగలు తక్కువుంటే కేబుల్ మెత్తగా వంగుతుంది, పొడవుగానూ చేయొచ్చు. యూఎస్‌బీ 2.0 అయితే 4 మీటర్ల దాకా పోవచ్చు. లోపల చిప్పుల సాయం లేకుండా 10 గిగాబిట్లు మోయాలంటే దాదాపు ఒక మీటరు, 40 గిగాబిట్లకైతే 0.8 మీటరు. మంచం పక్కన ఫోన్ ఛార్జింగ్‌కి మందపాటి 40 గిగాబిట్ల కేబుల్ దండగ. రెండు రకాలూ ఉండాలి, ఏది ఏదో తెలియాలి. అంతే.

తెలియజేసే పనిని పేర్లతోనే చెడగొట్టారు. యూఎస్‌బీ 3.0 అన్నదాన్ని తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. మూడూ అదే 5 గిగాబిట్లు. 2022లో ప్రమాణాల సంస్థ యూఎస్‌బీ-ఐఎఫ్ ఈ గొడవ వదిలేసి, కేబుల్ మీద "40 గిగాబిట్లు", "240 వాట్లు" అని సూటిగా వేయించేలా లోగోలు మార్చింది. ఆలస్యమైనా మంచి పనే. కానీ సర్టిఫికేషన్‌కే వెళ్లని కేబుల్‌కి ఆ లోగో ఎక్కడినుంచి వస్తుంది?

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయం. ట్రిమ్మర్, టార్చి, చిన్న స్పీకర్ లాంటివి కొన్ని ఉంటాయి. ఒకవైపు పాత వెడల్పు మొన ఉన్న కేబుల్‌తో, అంటే ఏ-టు-సి కేబుల్‌తో ఛార్జ్ అవుతాయి, సి-టు-సి పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. కారణం చెబుతాను. పాత ఏ పోర్టులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. టైప్-సి ఛార్జర్ అలా కాదు, అవతల కరెంటు తీసుకునే వస్తువు ఉందని తేలేదాకా ఏమీ ఇవ్వదు. అది తేలేది రెండు సీసీ పిన్నుల దగ్గర, ఆ వస్తువులో ఒక్కోదానికి విడిగా పెట్టిన 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో. గింజంత కూడా లేని ఆ రెండు రెసిస్టర్లని మిగుల్చుకుని పోర్టుకి టైప్-సి అని పేరు పెడతారు. ఇది పొదుపు కాదండీ, కక్కుర్తి.

తెలిసినవాళ్లకీ ఇది తప్పలేదు. 2019లో వచ్చిన రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో రెండు పిన్నులకీ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టారు. ఈ-మార్కర్ కేబుల్ తగిలిస్తే ఛార్జర్ దాన్ని ఆడియో పరికరం అనుకుని కరెంటు ఇవ్వలేదు. మామూలు కేబుల్‌తో మాత్రం పనిచేసింది. తర్వాతి బోర్డుల్లో సరిదిద్దారు. మీ దగ్గర అలాంటి వస్తువు ఏదైనా ఉంటే ఒక ఏ-టు-సి కేబుల్ దాచుకోండి, వేరే దారి లేదు.

ఆ కేబుల్ కూడా మంచిదై ఉండాలి. అందులో 56 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉండాల్సిన చోట 10 పెడితే, ఫోన్ దాన్ని 3 ఆంపియర్ల ఛార్జర్ అనుకుని లాగుతుంది. ఇవతల పాత ల్యాప్‌టాప్ పోర్టుకి అంత సత్తా ఉండదు. గూగుల్ ఇంజినీర్ బెన్సన్ లియంగ్ 2015లో ఇలాంటి కేబుళ్లని వరసగా పరీక్షించి బయటపెట్టడం మొదలుపెట్టారు. 2016లో, తీగలే తప్పుగా కలిపిన ఒక కేబుల్ ఆయన పరీక్షకి వాడుతున్న క్రోమ్‌బుక్ పిక్సెల్ ల్యాప్‌టాప్‌ని పాడుచేసింది.

మీ దగ్గరున్న కేబుల్ ఏదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వేగంగా చదివే ఎస్‌ఎస్‌డీని కంప్యూటర్‌లో 10 గిగాబిట్ల పోర్టుకి పెట్టి, ఒక పెద్ద ఫైల్ కాపీ చేయండి. చిన్న ఫైళ్లు వద్దు, వాటితో లెక్క తప్పుతుంది. సెకనుకి 40 మెగాబైట్ల దగ్గర అతుక్కుపోతే అది యూఎస్‌బీ 2.0 కేబుల్. 400 పైన ఉంటే 5 గిగాబిట్లది, 900 దాటితే 10ది. వాట్లకైతే తెర ఉన్న చిన్న యూఎస్‌బీ మీటర్ మధ్యలో పెట్టండి, వోల్టులు, ఆంపియర్లు రెండూ చూపిస్తుంది. బ్యాటరీ 30 శాతం లోపు ఉన్నప్పుడే చూడాలి, నిండే కొద్దీ ఏ గ్యాడ్జెట్ అయినా తక్కువే లాగుతుంది. రెండు మూడు పోర్టులున్న ఛార్జర్ అయితే మిగతావి ఖాళీగా ఉంచండి. లేకపోతే అవి వాట్లు పంచుకుంటాయి, తప్పు కేబుల్ మీద పడుతుంది.

తేలిన వెంటనే రెండు మొనల దగ్గరా తెల్ల టేపు చుట్టి, "60, 2.0" అనో "100, 10" అనో పర్మనెంట్ మార్కర్‌తో రాసేయండి. కంపెనీవాళ్లు చేయాల్సిన పనే, కానీ వాళ్లు చేసేదాకా ఆగితే మానిటర్ వెలగదు.