పన్ను పీకించుకున్న రోజే అడగండి

అందరికీ నమస్కారమండీ. అధ్యక్షులు గారికి, సెక్రటరీ గారికి, ముందు వరసలో కూర్చున్న మా హెడ్మాస్టారు గారికి, తెనాలిలో ఆరేళ్ళు వారి దగ్గరే పనిచేశాను నేను, అందరికీ నమస్కారాలు. ఇంకా చాలామందిని తలుచుకోవాలి గానీ నాకిచ్చింది పావుగంట.

పోయిన మీటింగులో టిఫిన్ల దగ్గర నేను చేగోడీలు కొరకడం చూసి నలుగురు అడిగారు, ఇంప్లాంట్ అంటే నొప్పా, ఎంతైంది, ఎన్నాళ్ళు పట్టింది అని. ఇంప్లాంట్ అంటే పోయిన పన్ను చోట దవడ ఎముకలో స్క్రూ దించి, దాని మీద క్యాప్, అంటే పంటి ఆకారంలో ఉండే తొడుగు, పెట్టడమండీ. అన్నీ చెప్తాను. కానీ అంతకంటే ముందు ఒకటి చెప్పాలి, ఏళ్ళ తరబడి గుండెల్లో ఉన్న మాట.

2014లో నాకు కింద ఎడమవైపు దవడ పన్ను పిప్పి పట్టింది. రూట్ కెనాల్ చేయిస్తే నిలిచేది. ఆ నెల అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కట్టాలి, పీకించుకుంటే తక్కువలో పోతుంది కదా అని పీకించేసుకున్నా. ఆ డాక్టరు గారు దూది పెట్టి, మాత్రలు రాసి, "వెనక పన్నే కదమ్మా, ఎవరికీ కనపడదు" అన్నారు. అంతేనండీ. ఆ ఖాళీ అలాగే వదిలేస్తే కింద ఎముక తరిగిపోతుందని ఒక్క ముక్క చెప్పలేదు. పన్ను లేని చోట ఎముకకి పనుండదు, పని లేకపోతే అది నిలబడదు, మొదటి ఏడాదిలోనే వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు. నాకైతే వెనక పన్ను ఆ ఖాళీలోకి ఒరిగింది, పై పన్ను కిందకి దిగింది, నేను కుడివైపే నములుతూ కాలం గడిపేశా.

2023లో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే సీబీసీటీ అని ఒక స్కాన్ తీయించింది. మామూలు ఎక్స్‌రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది గానీ మందం తెలియదు, ఇందులో అడ్డంగా కోసినట్టు కనపడుతుంది, కింద నరం ఎంత దూరంలో ఉందో కూడా. నా ఎముక పైన కత్తి అంచులా సన్నబడిపోయింది. ముందు ఎముక పొడి వేసి పెంచాలి, ఆ తర్వాతే స్క్రూ అంది. దానికే ఆరు నెలలు.

ఆ పొడి గురించి ఒక మాట. చాలావరకు అది పశువుల ఎముకని శుద్ధి చేసి తయారుచేస్తారు. సింథటిక్ పొడి కూడా ఉంటుంది. శాకాహారులు, పట్టింపు ఉన్నవాళ్ళు ముందే అడగండి, తర్వాత తెలిసి బాధపడొద్దు.

ఇక స్క్రూ వేసిన రోజు. మొద్దుబారడానికి ఇచ్చిన ఇంజెక్షన్ చురుక్కుమంది, ఆ తర్వాత నొప్పి లేదు, దవడంతా అదిరినట్టుంటుంది, నీళ్ళు కొడుతూ డ్రిల్ చేస్తారు, ఎముక వేడెక్కకూడదు కాబట్టి. ముప్పావుగంటలో కుట్లు కూడా అయిపోయాయి. రెండో రోజు, మూడో రోజు బుగ్గ బాగా వాచింది, అది మామూలే, మొదటి రోజు ఐస్ పెట్టుకోవాలి. ఆ రోజు గట్టిగా ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు, వేడి కాఫీ వద్దు. మెత్తగా కలిపిన చల్లటి పెరుగన్నం తిన్నా. మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు. మత్తు దిగిపోయాక కూడా పెదవి తిమ్మిరిగానే ఉంటే మాత్రం ఆగకండి, వెంటనే ఫోన్ చేయండి, నరానికి తగిలి ఉండొచ్చు.

మరి పన్ను ఎప్పుడు పెడతారు అంటే, వెంటనే పెట్టరండీ చాలామందికి. కింద దవడకి మూడు నాలుగు నెలలు, పై దవడలో ఎముక మెత్తన కాబట్టి ఒక్కోసారి ఆరు నెలలు. ఎందుకంటే టైటానియం స్క్రూని ఎముక పట్టుకోవాలి. దీని కథ బాగుంటుంది, స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టరు 1952లో కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం పెట్టి, పని అయ్యాక తీయబోతే రాలేదు, ఎముక దాన్ని కరిచి పట్టేసింది. 1965లో గోస్టా లార్సన్ అనే మనిషికి పెట్టిన స్క్రూలు 2006లో ఆయన పోయేదాకా ఉన్నాయి. అందుకే ఆ నెలలు ఓపిక పట్టమంటున్నా.

సెక్రటరీ గారు గడియారం చూస్తున్నారు. ఇంకొంచెం.

షుగర్ ఉన్నవాళ్ళు అదుపులోకి తెచ్చుకున్నాకే వెళ్ళండి. సిగరెట్, గుట్కా ఉంటే మానాలి, లేకపోతే పుండు సరిగ్గా మానదు. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్ళు సొంతంగా ఆపకండి, గుండె డాక్టర్ని అడగండి. ఆడవాళ్ళకి ముఖ్యంగా చెప్తున్నా, ఎముకలు గుల్లబారాయని మాత్రలో ఇంజెక్షన్లో తీసుకుంటుంటే పళ్ళ డాక్టరుకి తప్పక చెప్పండి, వాటిలో కొన్నింటితో దవడ ఎముక మానకుండా పుండు పడొచ్చు. "పంటికీ మోకాలికీ ఏం సంబంధం" అని ఊరుకోకండి.

డబ్బు విషయం. నాకు స్క్రూ, పైన క్యాప్ కలిపి 38 వేలు, ఎముక పొడికి ఇంకో 18 వేలు. ఆ 18 వేలు, ఆ ఆరు నెలలు, "వెనక పన్నే కదమ్మా" అన్న మాటకి కట్టాను నేను. ఎంత అని అడిగేటప్పుడు క్యాప్ కలిపా, విడిగానా అని కూడా అడగండి.

ఈ హాల్లో నోట్లో ఖాళీ వదిలేసినవాళ్ళు ఎంతమంది? ఒక్కసారి చేతులెత్తండి. సిగ్గు పడకండి. చూశారా, అక్కయ్య గారూ, మీరు కూడా. పిల్లల ఫీజు, పెళ్ళి, ఇంటి లోను, మన పన్ను ఎప్పుడూ చివర్నే కదా. పీకించుకుంటున్న రోజే అడగండమ్మా, ఈ ఖాళీలో ఏం పెట్టాలి, ఎప్పటిలోగా పెట్టాలి అని. డాక్టరు చెప్పకపోయినా మీరడగండి.

క్యాప్ పెట్టాక కొన్నాళ్ళు కొత్తగా ఉంటుంది, సొంత పంటి వేరు చుట్టూ ఉండే మెత్తటి పొర దీనికి లేదు, ఎంత గట్టిగా కొరుకుతున్నామో అంత బాగా తెలియదు. పిప్పి పట్టదు గానీ చిగురు వాచి ఎముక పోవచ్చు, అందుకని సందుల్లో చిన్న బ్రష్‌తో రోజూ తోముకుంటున్నా, ఆర్నెల్లకోసారి చూపించుకుంటున్నా.

స్క్రూ డబ్బా మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, కంపెనీ, సైజు, లాట్ నంబరు. రేపు అమెరికాలో కొడుకు దగ్గరుండగా వదులైతే అక్కడి డాక్టరుకి కావాల్సింది అదే. అడిగి తీసుకోండి. నాది కార్డు మీద అంటించి ఇచ్చారు, ఇదిగో ఈ వరస నుంచి పంపిస్తున్నా, చూసి పక్కవాళ్ళకివ్వండి, చివరికి నాకు చేర్చండి.