ప్రధానమంత్రికి పది రూపాయల ప్రశ్న

శ్రోతలందరికీ నమస్కారం.

దేశ ప్రధానమంత్రి కాసేపు మీ ఎదుట కూర్చుని, "మీరు అడగదలచుకున్నది అడగండి" అంటే మొదట ఏమి అడుగుతారు? ఈ ప్రసంగం రాసుకునే ముందు ఇరుగుపొరుగు వారినీ, ప్రయాణాల్లో పక్కన కూర్చున్న వారినీ ఈ మాటే అడిగాను. మిరప పండించే ఒక రైతు, పంట చేతికి వచ్చే నెలల్లోనే ధర ఎందుకు పడిపోతుందని అడుగుతానన్నాడు. పోటీ పరీక్షలకు చదువుతున్న ఒక అమ్మాయి, కేంద్ర ప్రభుత్వంలో ఖాళీగా ఉన్న ఉద్యోగాలను ఎప్పుడు నింపుతారని అడుగుతానన్నది. పింఛను మీద బతుకుతున్న ఒక పెద్దాయన మందుల ధరల సంగతి అడుగుతానన్నారు. తనకు ప్రశ్న ఏమీ లేదని ఒక్కరు కూడా అనలేదు. కానీ ప్రశ్న చెప్పిన వెంటనే అందరూ కలిపిన మాట ఒకటే: "మనం అడిగితే ఆయన దాకా ఎవరు చేరనిస్తారు?"

ఆ మాట నన్ను బాధించింది. ఎందుకంటే ప్రశ్న చేరే దారి ఉన్నది. ఎదురుగా కూర్చుని అడిగే అవకాశం కోట్లాది మందిలో ఎవరికో ఒకరికి దక్కవచ్చు, అదీ నాయకుడు దయతలిస్తేనే దక్కుతుంది. కాగితం మీద అడిగే అవకాశం మాత్రం ఎవరి దయ మీదా ఆధారపడినది కాదు. 2005 అక్టోబరు 12 నుంచి అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రధానమంత్రి కార్యాలయానికి కూడా వర్తిస్తుంది. పది రూపాయల రుసుము కట్టి ఏ పౌరుడైనా, ఏ పౌరురాలైనా ఆ కార్యాలయాన్ని సమాచారం అడగవచ్చు. ఎందుకు అడుగుతున్నావని వారు ప్రశ్నించడానికి వీలు లేదు. ఆ మాట చట్టంలోని ఆరవ సెక్షన్‌లోనే ఉన్నది.

మన తరఫున పార్లమెంటు సభ్యులు సభలో ప్రశ్నలు వేసే పద్ధతి కూడా ఉన్నది. ఆ ప్రశ్నోత్తరాల సమయం గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. కానీ ఈ పూట నేను మీకు ఒక చిన్నపిల్ల కథ చెప్పదలచుకున్నాను. ఈ విషయం గురించి ఎక్కడ మాట్లాడినా నాకు మొదట గుర్తుకు వచ్చేది ఆ కథే.

2012వ సంవత్సరం. ఉత్తరప్రదేశ్ రాజధాని లక్నోలో పదేళ్ల బడిపిల్ల ఒకతె ఉండేది. మహాత్మా గాంధీని జాతిపిత అంటారని మనందరిలాగే ఆ పిల్ల కూడా చదువుకున్నది. మనందరం చదువుకుని ముందుకు వెళ్లిపోయిన చోట ఆ పిల్ల ఆగింది. ఆయనకు ఆ బిరుదు ఎవరు ఇచ్చారు? ఎప్పుడు ఇచ్చారు? ఏ ఉత్తర్వు ద్వారా ఇచ్చారు? ఇంట్లో అడిగింది, ఇంటర్నెట్‌లో వెతికింది. తృప్తి కలిగే జవాబు దొరకలేదు. అప్పుడు ఫిబ్రవరి నెలలో నేరుగా ప్రధానమంత్రి కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పంపింది. ఆ పిల్ల అడిగినది ఏమిటో జాగ్రత్తగా వినండి. గాంధీజీని జాతిపిత అని ఎందుకు అంటారు అని అడగలేదు. ఆయనను జాతిపితగా ప్రకటించిన ఉత్తర్వు ప్రతిని పంపండి అని అడిగింది.

ఇక ఆ దరఖాస్తు ప్రయాణం చూడండి. ప్రధానమంత్రి కార్యాలయం ఆ దరఖాస్తును పక్కన పడేయలేదు. అటువంటి ఉత్తర్వు ఉంటే హోం మంత్రిత్వ శాఖ దగ్గర ఉండాలని అక్కడికి పంపింది. హోం శాఖ తన దగ్గర లేదని, పాత ప్రభుత్వ పత్రాలను భద్రపరిచే జాతీయ అభిలేఖాగారానికి పంపింది. అక్కడి అధికారులు తమ రికార్డులు వెతికి చూశారు. మీరు అడిగిన సమాచారానికి సంబంధించి ప్రత్యేకమైన పత్రం ఏదీ మా దగ్గర లేదని ఆ పిల్లకు రాతపూర్వకంగా జవాబు ఇచ్చారు. పదేళ్ల పిల్ల అడిగిన ఒక్క ప్రశ్న కోసం దేశ రాజధానిలో మూడు పెద్ద కార్యాలయాలు తమ దస్త్రాలు తెరిచి చూసుకోవలసి వచ్చింది. ఏప్రిల్ నాటికి ఆ జవాబు దేశమంతటా వార్త అయింది. పాఠ్యపుస్తకాలలో తరతరాలుగా చదువుకుంటున్న ఒక బిరుదు వెనుక ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ లేదని ఎంతోమందికి మొదటిసారి తెలిసింది.

ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. అలాగైతే ఇప్పుడు ప్రకటించండి అని రాష్ట్రపతికీ ప్రధానమంత్రికీ విజ్ఞప్తి చేసింది. ఆ విజ్ఞప్తి ఏమయిందో తెలుపమని మళ్లీ సమాచార హక్కు కిందనే అడిగింది. రాజ్యాంగంలోని 18వ అధికరణం మొదటి భాగం ప్రకారం విద్యాపరమైన, సైనికపరమైన గౌరవాలు తప్ప మరే బిరుదులనూ ప్రభుత్వం ఇవ్వకూడదని, కాబట్టి అటువంటి ప్రకటన చేయడం సాధ్యం కాదని హోం శాఖ సమాధానం ఇచ్చింది. చదువుకున్న పెద్దలలో ఆ అధికరణాన్ని ఎందరు చదివి ఉంటారో నేను చెప్పలేను గానీ, లక్నోలో ఒక బడిపిల్లకు మాత్రం ప్రభుత్వమే ఉత్తరం రాసి మరీ నేర్పవలసి వచ్చింది.

మరి జాతిపిత అనే మాట ఎక్కడ నుంచి వచ్చింది? 1944 జూలై 6న రంగూన్‌లోని ఆజాద్ హింద్ రేడియో నుంచి మాట్లాడుతూ సుభాష్ చంద్రబోస్ గాంధీజీని జాతిపితా అని సంబోధించి, స్వాతంత్ర్య సమరానికి ఆశీస్సులు కోరారు. 1948 జనవరి 30 రాత్రి, గాంధీజీ హత్య జరిగిన కొద్ది గంటలకే, నెహ్రూ ఆకాశవాణిలో దేశ ప్రజలతో మాట్లాడుతూ అదే మాట వాడారు. ఈ రెండు సందర్భాలూ రేడియోవే. రేడియోలో మాట్లాడుతున్న నాకు ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. ఆ బిరుదును ఇచ్చినది ఉత్తర్వు కాదు, జనం నోళ్లు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాను. ఆ పిల్లకు జవాబు ఎందుకు వచ్చింది? ఆ పిల్ల కాగితం అడిగింది కాబట్టి. అభిప్రాయం అడగలేదు, హామీ అడగలేదు, కాగితం అడిగింది. సమాచారం అంటే ఏమిటో చట్టం రెండవ సెక్షన్‌లో చెబుతుంది: రికార్డులు, ఉత్తర్వులు, సర్క్యులర్లు, ఒప్పందాలు, నివేదికలు, లాగ్ బుక్కులు, ఫైళ్లలో నమోదైన సలహాలు, అభిప్రాయాలు. అంటే ఇప్పటికే ఎక్కడో రాసి ఉన్నది మాత్రమే. రికార్డులో లేని అభిప్రాయాన్ని కొత్తగా తయారు చేసి ఇవ్వవలసిన బాధ్యత అధికారికి లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో స్పష్టం చేసింది. అందుకే "ఎందుకు చేయలేదు", "ఎప్పుడు చేస్తారు" అనే ప్రశ్నలు, అవి ఎంత న్యాయమైనవైనా, చాలా సార్లు జవాబు లేకుండా తిరిగి వస్తాయి. తన మీద ప్రభావం చూపిన పరిపాలనా నిర్ణయానికి కారణాలు తెలుసుకునే హక్కు నాలుగవ సెక్షన్ కింద ఆ వ్యక్తికి ఉన్న మాట నిజమే. మిగిలిన చోట్ల మనం కాగితమే అడగాలి.

నిజానికి ఈ చట్టం పుట్టిందే కాగితం అడిగిన వారి వల్ల. 1990వ దశకంలో రాజస్థాన్ పల్లెల్లో కరువు పనులు చేసిన కూలీలు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం నాయకత్వాన తమ మస్టర్ రోల్స్, అంటే కూలీల హాజరు పట్టికలు, బిల్లులు, వోచర్లు చూపమని అడిగారు. 1996లో బ్యావర్ పట్టణంలో రోజుల తరబడి ధర్నాకు కూర్చున్నారు. తరువాత 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలు జరిగినప్పుడు, మస్టరు గ్రామసభలో పైకి చదువుతుంటే, చనిపోయిన వారి పేరు మీద కూలి రాసి ఉన్న సంగతి బయటపడిన ఊళ్లు ఉన్నాయి. ఉపన్యాసం వినడానికి వచ్చిన జనం వేరు, మస్టరులో తమ పేరు వినడానికి వచ్చిన జనం వేరు.

ఇక మొదట చెప్పిన మిరప రైతు ప్రశ్నకే వద్దాం. ధర ఎందుకు పడిపోతుంది అనే ప్రశ్నకు ఏ అధికారీ సంతకం చేసి జవాబు ఇవ్వడు. కానీ 2025 ఫిబ్రవరిలో కేంద్రం, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ ఎర్ర మిరపకు క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించింది. ఆ ధరను లెక్కకట్టిన పత్రం ప్రతి ఇవ్వండి, ఆ పథకం కింద ఏ జిల్లాలో ఎంత సరుకుకు ఎంత చెల్లించారో చూపే రికార్డు ప్రతి ఇవ్వండి అని అడిగితే అధికారి ఫైలు తీయక తప్పదు.

మన రెండు రాష్ట్రాల వారికీ ప్రధానిని అడగాలని మనసులో ఉన్న పెద్ద ప్రశ్నలు కూడా ఇలా మార్చుకోదగినవే. 2014 ఫిబ్రవరి 20న అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేక హోదా గురించి ప్రకటన చేశారు. హోదా ఎందుకు ఇవ్వలేదని అడగడం వేరు; ఆ ప్రకటన తరువాత దాని అమలు కోసం నడిచిన ఫైలులోని నోట్ల ప్రతులు, సంబంధిత మంత్రిత్వ శాఖలతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాల ప్రతులు ఇవ్వండి అని అడగడం వేరు. అలాగే రాష్ట్ర పునర్విభజన చట్టంలోని 13వ షెడ్యూలు, ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో పరిశీలించాలని కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఉక్కు ప్రాధికార సంస్థ (సెయిల్)కు చెప్పింది. అప్పటి ఖమ్మం జిల్లాలోని బయ్యారంలో ఆ ఫ్యాక్టరీ ఎప్పుడు వస్తుంది అని కాకుండా, ఆ పరిశీలన నివేదిక ప్రతి కావాలని తెలంగాణలోని ఒక విద్యార్థి అడిగితే, ఆ నివేదిక చదివిన తరువాత వేయవలసిన రెండో ప్రశ్న ఇంకా పదునుగా ఉంటుంది.

అన్ని తలుపులూ తెరుచుకుంటాయని నేను చెప్పడం లేదు. దేశ భద్రత, విదేశీ సంబంధాలు, మంత్రివర్గ పత్రాలు వంటి వాటికి ఎనిమిదవ సెక్షన్‌లో మినహాయింపులు ఉన్నాయి. కోవిడ్ సమయంలో విరాళాల కోసం ఏర్పాటు చేసిన పీఎం కేర్స్ నిధి ఈ చట్టం కిందకు వచ్చే ప్రజాధికార సంస్థ కాదని 2020లో ప్రధానమంత్రి కార్యాలయం జవాబు ఇచ్చింది. సమాచార కమిషనర్ల పదవీకాలాన్నీ, జీతాలనూ నిర్ణయించే అధికారాన్ని 2019 సవరణ కేంద్ర ప్రభుత్వం చేతికి ఇచ్చింది. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వ్యక్తిగత సమాచార మినహాయింపును మరింత విస్తరించింది. ఈ మార్పులు అడిగేవాడి చేతిని బలహీనపరిచేవని నా అభిప్రాయం. ప్రజల సొమ్ము ఎవరికి ఎంత చేరిందో తెలియాలంటే పేర్లు కనబడక తప్పదు కదా. అయినా ఉన్న హక్కును వాడకుండా వదిలేస్తే, పోయిన హక్కు కోసం అడిగే గొంతు కూడా మనకు ఉండదు.

కాబట్టి ఈ రోజు ఒక్క ఆచరణ విషయం చెప్పి ముగిస్తాను. దరఖాస్తు ఎలా రాయాలి? పైన "పౌర సమాచార అధికారి, ప్రధానమంత్రి కార్యాలయం, న్యూఢిల్లీ" అని రాయండి. విషయం ఒక్క వాక్యంలో చెప్పండి. తరువాత ఏ పత్రం కావాలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కావాలో చెప్పి, "ధ్రువీకరించిన ప్రతి ఇవ్వగలరు" అని రాయండి. ఒక దరఖాస్తులో ఒక విషయమే ఉంచండి. కేంద్ర నియమాల ప్రకారం 500 మాటలకు మించకుండా చూసుకోండి. మీరు ఉండే ప్రాంతపు అధికార భాషలో దరఖాస్తు చేసుకోవచ్చునని చట్టం చెబుతున్నది, కాబట్టి తెలుగులో రాయడానికి సంకోచించకండి. రాయలేని వారు నోటితో చెబితే రాసిపెట్టవలసిన బాధ్యత ఆ అధికారిదే. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేయండి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కరలేదు, ఆ ధ్రువపత్రం నకలు పెడితే చాలు. కేంద్ర కార్యాలయాలకు పంపే దరఖాస్తులను తీసుకునేందుకు కొన్ని పోస్టాఫీసులకు కూడా బాధ్యత అప్పగించారు. ఇంటర్నెట్ తెలిసిన వారు కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లోనే పంపవచ్చు. మీరు అడిగినది వేరే శాఖకు చెందినదైతే ఐదు రోజుల్లోగా వారే అక్కడికి బదిలీ చేసి మీకు తెలపాలి. మీరు మళ్లీ రుసుము కట్టవలసిన పని లేదు.

దరఖాస్తు నకలు, పోస్టాఫీసు రసీదు ఒక కవరులో దాచండి. కవరు మీద తేదీ వేయండి. దరఖాస్తు అక్కడ అందిన నాటి నుంచి ముప్పయి రోజుల్లోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు తృప్తి కలిగించకపోయినా, మరో ముప్పయి రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు పంపండి. కేంద్రంలో దానికి రుసుము లేదు. చాలామంది తమ ప్రశ్నను వదిలేసేది ఈ మెట్టు దగ్గరే. అక్కడా న్యాయం జరగకపోతే తొంభై రోజుల్లోగా కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం లేకుండా సమాచారం ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేసే అధికారం ఆ కమిషన్‌కు ఉన్నది.

నమస్కారం.