బోరు నీళ్లు పట్టుకుని రండి

అధ్యాపకులకు, తల్లిదండ్రులకు నమస్కారం. అమ్మాయిలూ, మీతో ఒక పాత సంగతి చెప్పాలి.

మన కనిగిరి, పొదిలి, దర్శి ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకు చాలా ముందు, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగడం వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు గురించి, వైద్య పత్రికలో రాశారు. మన దేశంలో ఈ జబ్బుపై వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. ఆ నీళ్లు తోడి, మోసి, ఇంటిల్లిపాదికీ పోసింది ఆడవాళ్లు. రాసినవాళ్లలో మాత్రం ఒక్క ఆడమనిషీ లేదు. ఈ వెలితి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

1933లో, తర్వాత పేరున్న శాస్త్రవేత్త అయిన కమలా సోహోనీని, ఆడపిల్ల అని, బెంగళూరు సైన్స్ సంస్థలో చేర్చుకోవడానికి సి.వి.రామన్ మొదట ఒప్పుకోలేదు. పట్టుబట్టి చేరిన ఆమెకు శ్రీనివాసయ్య అనే గురువు దొరికారు. పాలలో, పప్పుల్లో ఉండే ప్రోటీన్లపై ఆయన దగ్గర పని నేర్చుకున్నారు. 1939లో కేంబ్రిడ్జి నుంచి డాక్టరేట్ పొందారు. పట్టుదల ఆమెదే, కానీ పక్కన కూర్చుని నేర్పేవారు ఉండాలి కదా!

నా విద్యార్థిని ఒకామె బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. పెళ్లి, ఇద్దరు పిల్లలు, అయిదేళ్ల విరామం. "మేడమ్, ఇక నన్నెవరు తీసుకుంటారు?" అని ఫోనులో అడిగింది. చదువుకు విరామం వచ్చిన మహిళల కోసమే కేంద్ర సైన్స్ శాఖ 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకం మొదలుపెట్టింది. ఆమెకు ఆ సంగతే తెలియదు. తరగతిలో చెప్పాల్సింది నేనే, చెప్పలేదు. పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి ఫోను చేసేది. ఆ పథకానికి పంపే ఆమె పరిశోధన ప్రతిపాదనను వాక్యం వాక్యం చదివి దిద్దుకున్నాం. మొదటిసారి తిరస్కరించారు. లోపం ఎక్కడుందో వెతికాం. రెండోసారి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది.

మార్గదర్శకత్వం అంటే నాకు తెలిసింది ఇదే. శాలువా కప్పి ఫొటో దిగడం ఒక్కరోజు ముచ్చట. చిత్తుప్రతి చదవడం, హాస్టల్ గురించి నాన్నగారితో మాట్లాడటం, ఓడినప్పుడు ఫోను ఎత్తడం ఏళ్ల తరబడి చేయాల్సిన పని. మా అధ్యాపకులు ఒక్కొక్కరు ఇద్దరు అమ్మాయిల బాధ్యత తీసుకోవాలని వేడుకుంటున్నాను.

వచ్చే శనివారం నుంచి నేను కెమిస్ట్రీ ల్యాబులో ఉంటాను. మీ ఊరి బోరు నీళ్లు తీసుకురండి. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ సీసా మంచిది; ఫ్లోరైడ్ గాజును అంటుకుంటుంది. సీసా మీద ఊరి పేరు, తేదీ రాయండి. పరీక్షనాళికలో రసాయనం కలిపితే, ఫ్లోరైడ్ ఎక్కువయ్యే కొద్దీ గులాబీ రంగు పసుపులోకి తిరుగుతుంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో మీ కళ్లతో మీరే చూసి, మీ చేత్తో మీరే రాయాలి.